బోధన్ పట్టాలు, ఆర్మూర్ స్టేషను



రైలు ఎవరి కోసం వస్తుంది? మన నిజామాబాద్ జిల్లాలో ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి.

మొదటిది బోధన్. నిజాం కాలంలో అక్కడ చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని పేరు. జానకంపేట దగ్గర పెద్ద లైను నుంచి చీలిన చిన్న లైను బోధన్ వెళ్తుంది. అక్కడితో ఆఖరు. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. పట్టాలు మాత్రం ఉన్నాయి.

రెండోది ఆర్మూర్. ఇక్కడ రైలు ఫ్యాక్టరీ కోసం రాలేదు, ఊళ్ల కోసం వచ్చింది. ఆర్మూర్ మీదుగా పోయే పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు 1993లో ప్రధాని పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేశారు. పూర్తయిందెప్పుడు? 2017లో! శంకుస్థాపన ఏడు పుట్టిన బిడ్డకు ఉద్యోగం వచ్చే వయసన్నమాట.

మరి లాభమేమిటి? పెద్దపల్లి ఢిల్లీ లైను మీద ఉంది. రైల్లో కరీంనగర్ పోవాలన్నా, ఉత్తరాదికి పోవాలన్నా సికింద్రాబాద్ చుట్టి పోనక్కర్లేదు. మళ్లీ చెబుతున్నాను, సికింద్రాబాద్ చుట్టి పోనక్కర్లేదు.

రోజూ కాలేజీకి, కొలువుకు వెళ్లేవాళ్లకు మాత్రం స్టేషను ఒక్కటే చాలదు. పొద్దున పోయే బండి, పొద్దుగూకే వేళకు తిరిగొచ్చే బండి కావాలి. నేనైతే ముందు అదే అడుగుతాను. బయల్దేరే ముందు 139కి ఫోన్ చేసి బండి వేళలు కనుక్కోండి. నంబరు మరోసారి: ఒకటి, మూడు, తొమ్మిది.