ఏం జరిగిందో మాకు అర్థమయ్యేలా చెప్పండి
(వార్షిక మహాసభలో బుక్ కీపర్ల తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మేము పుస్తకాల్లో రాసినదాని కంటే ఫోన్లో ఎక్కించిందే ఎక్కువ. పొదుపు, అప్పు వాయిదా, హాజరు అన్నీ అందులోనే. పని తేలికైన మాట నిజమే. కానీ మధ్యలో ఆగినప్పుడు తెర మీద వచ్చే ఆ రెండు ముక్కలే మమ్మల్ని ఎక్కువ ఏడిపించాయి.

రేపల్లె వైపు ఒక సంఘంలో జరిగింది చెబుతాం. ఒక అక్క వాయిదా 2,400 రూపాయలు ఫోన్లో సంఘం ఖాతాకు పంపింది. తెర మీద ఎర్ర రంగులో ఇంగ్లీషు వాక్యం, పక్కన ఒక కోడు. పోలేదనుకుని మళ్ళీ పంపింది. సాయంత్రం చూస్తే ఆమె ఖాతాలో రెండుసార్లు తగ్గింది, సంఘం ఖాతాలో ఒక్కసారే పడింది. "మిగతాది నువ్వే నొక్కేశావు" అని బుక్ కీపర్ మీద మాట పడింది. మర్నాడు ఒక 2,400 ఆ అక్క ఖాతాకే తిరిగొచ్చింది. డబ్బు తిరిగొచ్చింది గానీ, అన్న మాట తిరిగి రాదు కదమ్మా.

ఇందులో ఆ అక్క తప్పుందా? బుక్ కీపర్ తప్పుందా? తెర మీద "మీ డబ్బు ఇంకా దారిలో ఉంది, మళ్ళీ పంపవద్దు, రేపటిలోగా తేలుతుంది" అని ఉంటే ఈ గొడవే లేదు. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఆలస్యమైతే మైకులో తెలుగులో చెబుతారు. అక్కడ ఎవరూ మనకు కోడు నంబరు చెప్పి ఊరుకోరు.

వేలిముద్ర సంగతీ అంతే. నిమ్మకాయలు ఏరే చేతులు, నాట్లు వేసే చేతులు, రొయ్యలు ఒలిచే చేతులు మనవి. గీతలు అరిగిపోతాయి. మిషన్ మీద 300 అని వస్తే వేలిముద్ర కలవలేదని అర్థం. 330 అంటే ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసి ఉందని. ఈ రెండూ తెలియక "నా ఆధార్ కొట్టేశారు" అని ఏడ్చిన పెద్దమ్మలను చూశాం. 300 వస్తే చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, వేరే వేలు పెట్టండి. ఎప్పుడూ ఇదే వస్తుంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా తీయించుకోవచ్చు.

మా యాప్ తయారుచేసే వాళ్ళు మొన్న శిక్షణకు వచ్చినప్పుడు మేము అడిగింది ఒకటే. ప్రతి సందేశంలో నాలుగు సంగతులు ఉండాలి: ఏం జరిగింది, డబ్బు ఎక్కడుంది, ఇప్పుడు ఏం చెయ్యాలి, కాకపోతే ఎవర్ని అడగాలి. "చెల్లని నమోదు" అని వద్దు, "ఖాతా నంబరులో ఒక అంకె తక్కువైంది, పాసుపుస్తకం చూసి మళ్ళీ కొట్టండి" అని రాయండి. "సర్వర్ లోపం" అని వద్దు, "తప్పు మీది కాదు, మీరు ఎక్కించిన లెక్క భద్రంగా ఉంది, గంటాగి చూడండి" అని రాయండి. లెక్క భద్రంగా లేకపోతే ఆ మాటే చెప్పండి, మళ్ళీ ఎక్కిస్తాం. రాసినవి విడుదల చేసేముందు చదువు తక్కువున్న ఒక అక్కకు చూపించండి. ఆమెకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే.

వాళ్ళు మార్చేదాకా మనం చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎర్ర రంగు కనపడగానే మళ్ళీ నొక్కొద్దు. ముందు ఖాతాలో నిల్వ చూడండి. తెర ఫోటో తీసి, లావాదేవీ నంబరు, తేదీ రాసిపెట్టండి. యూపీఐలో ఒక ఖాతా నుంచి డబ్బు తగ్గి అవతలి ఖాతాలో పడకపోతే మరుసటి రోజులోగా తిరిగి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే చెప్పింది. అది మన హక్కు, బ్యాంకులో నిలబడి అడగండి. సాయం చేస్తామని ఫోన్ చేసిన వాళ్ళకు ఓటీపీ, పిన్ చెప్పొద్దు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

ఇంకొక్క మాట. లెక్క తేడా వస్తే ముందు తెరను అడగండి, ఆ తర్వాతే మనిషిని అనుమానించండి. సంఘం నిలబడింది నమ్మకం మీద. ఒక కోడు నంబరు కోసం దాన్ని పోగొట్టుకోవద్దు.

సెలవు.