కూలరు: చల్లదనంతోపాటు జాగ్రత్త
(ప్రసంగ పాఠం)



ఎండాకాలంలో ఏ.సి. బిల్లు పెన్షనుకు బరువు గనుక మనలో చాలామందికి కూలరే దిక్కు. చిన్న చిన్న లోపాలు మనమే సరిచేసుకోవచ్చు. అయితే మొదటి మాట ప్రాణానికి సంబంధించినది.

నీళ్ళు పోసే ముందు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీయాలి. ఇనుప కూలరుకు మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు తప్పనిసరి. ఎర్తింగు లేనిచోట లోపల ఒక్క తీగ తొడుగు చిట్లినా కూలరు ఒళ్ళంతా కరెంటే. తడి కాళ్ళతో తాకితే ప్రాణాపాయం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే, కరెంటు లీకైన వెంటనే సప్లై ఆగిపోతుంది. సెలవులకు మనవలు వచ్చే ఇళ్ళలో ఇది మరీ అవసరం.

ఇక చల్లదనం సంగతి. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుంటుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇందుకే. ఆఫీసులో ఇన్వర్డుకు అవుట్‌వర్డు ఉన్నట్టే, లోపలికొచ్చిన గాలికి బయటికి దారి ఉండాలి. కూలరును కిటికీకి పెట్టి, ఎదుటి కిటికీ కొంచెం తెరవండి. అన్నీ మూస్తే మిగిలేది ఉక్కపోతే. విశాఖ, కాకినాడల్లో గాలిలో తేమ ఎక్కువ గనుక కర్నూలులో వచ్చినంత చల్లదనం రాదు. అది కూలరు లోపం కాదు.

గాలి చల్లగా లేకపోతే గడ్డి చూడండి. ఒకవైపు పొడిగా ఉంటే, పై గొట్టం చిల్లులు బోరునీటి ఉప్పుతో పూడి ఉంటాయి, పిన్నీసుతో తీయండి. నీరే ఎక్కకపోతే పంపు జాలీలో గడ్డిపోచలు ఉన్నాయేమో చూడండి. నీళ్ళు లేకుండా పంపు నడిపితే కాలిపోతుంది. ఫ్యాను రొద చేస్తూ తిరగకపోతే చాలావరకు కండెన్సరు పోయినట్టే. అది ఎలక్ట్రీషియన్ పని; పుల్లతో తిప్పవద్దు. వాసన రాకుండా, ఆపేముందు పంపు కట్టేసి ఫ్యాను కాసేపు నడిపి గడ్డి ఆరనివ్వండి. గడ్డి ఏటేటా మార్చండి.

చివరిది డెంగీ. పగలు కుట్టే ఏడిస్ దోమ కూలరు తొట్టిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు చాలు. అందుచేత వారానికొకసారి నీళ్ళు పారబోసి, తొట్టి గోడలు పీచుతో రుద్ది ఆరబెట్టాలి. గోడకంటిన గుడ్లు నీళ్ళు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. అందుకే ఒట్టినే పారబోస్తే చాలదు.

ఈ ఏడు కూలరు బయటికి తీయగానే ముందు ఎర్తింగు చూపించుకోండి. ఆ కొద్దిపాటి ఖర్చుకు వెనుకాడవద్దని మనవి. సెలవు.