కొయ్యమీద గార
(ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్నవారిలో రెండు విధాల వలసవారు ఉన్నారు. ఇటీవలి సంవత్సరాలలో ఆంధ్రదేశం నుండి బతుకుతెరువు వెదుక్కొంటూ ఈ పట్టణానికి వచ్చినవారు కొందరు. నాయకరాజుల కాలంలో వచ్చి, ఈ కరిసల్ నేలలో, అనగా నల్లరేగడిలో స్థిరపడి, ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకొన్నవారి సంతతి మరికొందరు. నేను రెండవ కోవకు చెందినవాణ్ణి. మాది వెంబకోట్టై సమీపాన ఒక పల్లె. తెలుగు అక్షరాలు నాకు ముప్పయ్యవ ఏట గాని పట్టుబడలేదు. కనుక నా మాటలలో దోషాలుంటే మన్నించండి.

తలుపులు, అల్మారాలు, పెట్టెలు వంటి కొయ్య సామానుపై ఇంటివారే స్వయంగా అలంకారపు గార ఎట్లా వేసుకోవచ్చు అన్నది నాకు ఇచ్చిన విషయం. రంగు వెలిసిన ప్లైవుడ్ అల్మారాను పారవేయడానికి మనసు రాదు, కొత్తది కొనడానికి చేతిలో డబ్బు ఆడదు. గోడకు వేసినట్లే దానికీ గరుకు గారో నునుపు గారో వేసి కొత్తదిగా చేద్దామని చాలామంది అనుకొంటున్నారు. ఆలోచన మంచిదే. అయితే ఈ పనిని నేను ఒక తలుపును చెడగొట్టి నేర్చుకొన్నాను. ముందు ఆ సంగతి చెబుతాను.

పల్లెలో మా ఇల్లు కూల్చినప్పుడు దూలాలు, వాసాలు అమ్మివేశాము. మా అవ్వ కాపురానికి వచ్చిన నాటి వేపకొయ్య తలుపు రెక్క ఒకదానిని మాత్రం నాయన అమ్మనివ్వలేదు. బండిలో వేసి పట్టణానికి తెచ్చి, అద్దె ఇంటి ముందుగదిలో గోడకు ఆనించి నిలబెట్టాము. దాని అడుగున చెదలు తిన్న గుంతలు, పైన ఎన్ని పొరలో లెక్క తెలియని పాత రంగులు. దానికి కొత్త అందం తేవాలన్న ఉత్సాహంతో నేను ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి, తాపీతో అర అంగుళం మందాన పూసి, తీగలు, పువ్వులు తీర్చాను. వచ్చినవారందరూ మెచ్చుకొన్నారు. అది మే నెల. ఐప్పసి వానలు పట్టిన తరువాత ఒక రాత్రి గదిలో కుండ పగిలినట్లు చప్పుడైంది. దీపం వేసి చూస్తే పువ్వులన్నీ నేలమీద ఉన్నాయి. మిగిలిన గారలో పలకల అతుకుల వెంబడి నిలువునా బీటలు. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. చీపురు తెచ్చి తానే ఊడ్చారు. అది ఆయన తల్లి తలుపు.

మరునాడు వృద్ధుడైన ఒక వడ్రంగిని పిలిచి చూపించాను. ఆయన గోటితో ఒక పెచ్చు లేపి, "దీనికి బిగుతు చొక్కా తొడిగినావు నాయనా. చేతులు చాచింది, చిరిగింది" అన్నారు. అంతకు మించి వివరించలేదు. మిగిలినది నేను తరువాత తెలుసుకొన్నాను.

కొయ్య చెట్టుగా ఉండటం మానిన తరువాత కూడా కదులుతూనే ఉంటుంది. గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ఆరి ముడుచుకొంటుంది. పొడవునా ఈ మార్పు కంటికి ఆనదు. అడ్డంగా మాత్రం స్పష్టంగా ఉంటుంది. టేకు వంటి నిలకడ గల కొయ్య సైతం, ఒక అడుగు వెడల్పు పలకలో, ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య రెండు మిల్లీమీటర్ల దాకా మారగలదు. వానాకాలంలో తలుపు చౌకట్టుకు పట్టేసి, చైత్రం వచ్చేసరికి తానే వదులు కావడం మీ అందరికీ అనుభవమే. సున్నపు గార, సిమెంటు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఇవేవీ సాగవు. కదిలే దానిమీద కదలని దానిని మందంగా అంటిస్తే రెండింటిలో బలహీనమైనది పగులుతుంది. నా తలుపు విషయంలో మరొక లోపం కూడా ఉన్నది. అడుగున నునుపైన ఎనామిల్ రంగు. గార ఇటుకలోని సన్నని రంధ్రాలలోకి చొచ్చుకొని పట్టు సంపాదిస్తుంది. ఎనామిల్ మీద దానికి చొచ్చుకొనే చోటు దొరకదు.

మరి పూర్వం కొయ్యమీద గార వేయలేదా అని మీరు అడగవచ్చు. వేశారు. ఐరోపా ఇళ్లలో సన్నని కొయ్య బద్దలను సందులు విడిచి వరుసగా కొట్టి, వాటిపై గార మెత్తేవారు. గార ఆ సందులలోంచి వెనుకకు జారి, అక్కడ కొక్కెం వలె గట్టిపడేది. అంటే అది కొయ్యకు అంటుకొని నిలవలేదు, కొయ్యను పట్టుకొని వేలాడింది. గోడకూ పైకప్పుకూ అది తగిన పద్ధతి. తలుపుకూ పెట్టెకూ తగదు. వాటికి వేరొక దారి ఉన్నది. ఆ దారి తెలుగువారికి కొత్త కాదు.

తంజావూరు చిత్రపటం మీలో చాలామంది ఇళ్లలో ఉంటుంది. బంగారు రేకు కింద, రంగుల కింద ఉన్నది కొయ్య పలకపై వేసిన సుద్ద గారయే. పూర్వం పనస పలక వాడేవారు, నేడు ప్లైవుడ్ వాడుతున్నారు. పలకమీద ముందుగా నూలు గుడ్డను జిగురుతో అంటిస్తారు. దానిపై సుద్దపొడిని బంకతో కలిపి పలుచని పూతలుగా వేసి, రాయితో నునుపు చేస్తారు. నగలు, తోరణాలు ఉబ్బెత్తుగా రావడానికి అదే ముద్దను చిక్కగా చేసి తీర్చుతారు. ఈ పని చేసిన సంప్రదాయ చిత్రకారులలో తంజావూరు, తిరుచ్చి రాజులు, మదురై నాయుళ్లు ముఖ్యులు. వీరి పూర్వులు రాయలసీమ నుండి, విజయనగర పతనం తరువాత నాయకరాజుల ఆశ్రయం వెదుక్కొంటూ దక్షిణానికి వచ్చిన తెలుగువారు. ఈ చిత్రశైలి నేడు మనకు తెలిసిన రూపానికి మరాఠా ప్రభువుల కాలంలో, ముఖ్యంగా 1798 నుండి 1832 వరకు ఏలిన రెండవ శరభోజి కాలంలో వచ్చింది. ప్రభువుల భాష మారినా పలకమీద గుడ్డ అంటించే చేయి మారలేదు.

విజయవాడ దగ్గరి కొండపల్లిలో బొమ్మలకు తెల్లపొణికి కొయ్య వాడతారు. అతుకులకూ ఉబ్బెత్తు పనికీ రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపిన మక్కు వాడతారు. పైన తెల్లని సున్నపు పూత, ఆపైన రంగు. ఆ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వులు రాజస్థాన్ నుండి వచ్చారని చెప్పుకొంటారు. వారూ వలసవారే! కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు మన పూర్వుల వలసను 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో వ్రాశారు. ఆయన ఇంటిభాష తెలుగు. దారి పొడవునా మూటలు ఎన్ని జారిపోయినా చేతిపని జారిపోదని నాకు అనిపిస్తుంది. 2022లో మొదలైన వెంబకోట్టై తవ్వకాలలో శంఖపు గాజులు, కాల్చిన మట్టి బొమ్మలు దొరికినందుకు అందరం గర్వపడుతున్నాము. మట్టిపైన, మన ఇళ్లలోనే ఉన్న చేతిపనిని మాత్రం పాత సామాను కొనేవాడికి తూకానికి అమ్ముతున్నాము.

గుడ్డ రహస్యం మనవారికే తెలుసునని చెప్పబోను. ప్రాచీన ఈజిప్టులో శవపేటికల కొయ్యపై నార గుడ్డ పరచి సుద్ద పూత వేశారు. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని తన గ్రంథంలో పలకలపై నారగుడ్డ పేలికలు అంటించమని వ్రాశాడు. వేరువేరు దేశాలవారు ఒకే ఉపాయాన్ని వాడడానికి కారణం కొయ్య స్వభావమే. గుడ్డ కొద్దిగా సాగుతుంది. కింద కొయ్య కదిలినప్పుడు ఆ లాగుడును ఒకే చోట పడనీయక నలుదిక్కులా పంచుతుంది. పైపూత పలుచనై, బంక కలిసి ఉంటే అది కూడా కొంత వంగుతుంది.

ఇప్పుడు పనికి వస్తాను. మొదట చేయవలసినది పాత రంగును అనుమానించడం. మన దేశంలో ఇంటి రంగులలో సీసం దశలక్షకు 90 భాగాలు మించరాదన్న నియమం 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి నేలమీద పడుతుంది, పాకే పిల్లల చేతికి అంటుతుంది, నోటిలోకి పోతుంది. సీసం పిల్లల మెదడుకు చేసే హాని తిరిగి బాగుపడేది కాదు. శివకాశి చుట్టుపక్కల పెరిగిన మనకు పొడి అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. మందు పొడి చప్పుడు చేస్తుంది, ఈ పొడి చేయదు, అంతే తేడా. కనుక పాత రంగు గట్టిగా అంటుకొని ఉంటే దానిని గీకవద్దు. తడి చేసి, తడిసినా చెడని గరుకు కాగితంతో నునుపు పోయేంత వరకే రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారవేయండి. మంటతో కాల్చి రంగు ఊడదీయడం అసలే వద్దు. పిల్లలనూ గర్భిణులనూ పని ముగిసి నేల తడిగా తుడిచేదాకా ఆ గదిలోకి రానీయకండి. ముక్కుకు కట్టుకొనే చేతిరుమాలు ఈ ధూళిని ఆపదు. సన్నని ధూళికి పనికివచ్చే మాస్కు కొనండి.

తరువాత గుంతలు పూడ్చాలి. సన్నని రంపపు పొట్టును తెల్ల బంకతో ముద్దచేస్తే చాలు. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికించిన జిగురు ఇంకా మేలుగా పట్టుతుంది. కానీ పురుగు చేరుతుంది. దానికి కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో తెల్ల బంకతోనే సరిపెట్టుకోవడం నయం. టేకు, వేప వంటి కొయ్య నుండి గోధుమరంగు కషాయం పైకి ఊరి తెల్ల పూతను మరకలు చేస్తుంది. అందుకని పచ్చి కొయ్యకు ముందుగా లక్క పాలిష్ ఒక చేయి వేసి ఆరనివ్వండి.

పాత పంచెను ఉతికి, గంజి పోగొట్టి, బంకలో సమానంగా నీళ్లు కలిపి తడిపి, ముడత లేకుండా పరవండి. ఒక రాత్రి ఆరాలి. పూతకు తెల్ల బంక ఒక వంతు, నీళ్లు ఒక వంతు తీసుకొని, జల్లించిన సుద్దపొడి రెండు మూడు వంతులు కొద్దికొద్దిగా చల్లుతూ, దోసెపిండి జారుకు వచ్చేదాకా కలపండి. బంక తగ్గితే ఆరిన పూత వేలికి పొడిగా రాలుతుంది. ఎక్కువైతే ముడుచుకొని సన్నని బీటలు విడుస్తుంది. ముందు ఒక చెక్కముక్కపై వేసి చూడండి. కుంచెతో ఒక పూత నిలువుగా, ఆరిన తరువాత మరొకటి అడ్డంగా, ఇట్లా మూడు నాలుగు పూతలు. అన్నీ కలిసి రెండు మిల్లీమీటర్లు మించకూడదు. నేను చేసిన తప్పంతా ఈ మందంలోనే ఉన్నది. అలంకారం చివరి పూతలో చేయాలి. కొంచెం చిక్కగా కలిపి, పచ్చిగా ఉండగానే పాత దువ్వెనతో గీస్తే అలలు వస్తాయి, స్పాంజితో అద్దితే గరుకు వస్తుంది. ముగ్గులు పెట్టే చేతికి ఇది నేర్పనక్కరలేదు. ఉబ్బెత్తు పువ్వులు కావాలంటే చిన్నచిన్నవిగా, విడివిడిగా తీర్చండి. పలకల అతుకు దాటి ఒకే తీగ పోనీయకండి. అతుకు ఉన్నచోట పూతను కత్తి మొనతో సన్నగా చీల్చి ఉంచితే, రాబోయే బీట ఆ గీతలోనే ఒదిగిపోతుంది. చివర మెరుపు లేని వార్నిష్ వేయకపోతే సుద్ద నూనె చేతి మరకలను పీల్చుకొంటుంది.

గోడకు వాడే సిమెంటు పుట్టీ కొయ్యకు వద్దు. దుకాణంలో చౌకగా ఇస్తారు, అది నా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు తోబుట్టువే. కాలం విషయానికి వస్తే, వానలు తగ్గి కొయ్య నిమ్మళించే తై, మాసి నెలలు మంచివి.

కొన్నిచోట్ల ఈ పని చేయనే కూడదు. స్నానాల గది తలుపుకు వద్దు. వంటింట్లో నీళ్లు చిందే చోట వద్దు. తలుపు అంచులకు వేస్తే తలుపు మూయరాదు. గడపకు అసలే వద్దు. మనం వారం వారం కడిగి పసుపు రాసే చోట సుద్ద నిలవదు. మంచి టేకు తలుపు, చెక్కడపు పని ఉన్న పాత ద్వారబంధం ఉన్నవారు దానికి నూనె పట్టించి వదిలేయండి. వాటిని గారతో కప్పడం నా దృష్టిలో అన్యాయం. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమాని తలుపు ముట్టవద్దు. వేరే ప్లైవుడ్ పలకపై చేసి మరలతో బిగించుకొంటే, ఇల్లు మారినప్పుడు విప్పి తీసుకొనిపోవచ్చు. మనం ఇళ్లు మారడం ఎంత తరచుగా జరుగుతుందో మీకు తెలుసు.

అవ్వ తలుపు సంగతి అడుగుతారని తెలుసు. మిగిలిన పెచ్చులను తడిపి ఊడదీసి, ఈ పద్ధతిలో మళ్లీ చేశాను. మూడు వానాకాలాలు గడిచాయి. అడుగున ఒకచోట జాన పొడవు సన్నని గీత పడింది, పెచ్చు లేవలేదు. పైభాగంలో జానెడు మేర మాత్రం గార వేయకుండా పాత రంగుతోనే విడిచిపెట్టాను. నాయన అడిగారు కనుక. ఉగాదికి, పొంగలికి ఆయన అక్కడే పసుపు బొట్టు పెడతారు.

బల్లమీద మూడు పలకలు ఉంచాను. ఒకటి గుడ్డ లేనిది, ఒకటి గుడ్డ ఉన్నది, ఒకటి నా పాత తలుపు నుండి రాలిన పెచ్చు అంటించినది. దగ్గరకు వచ్చి చేతితో వంచి చూడండి. ప్రశ్నలుంటే అక్కడే మాట్లాడుకొందాము.