పాడుపడిన చర్చి, పాతిన వెండి



పాడుపడిన గుడి కనబడిన చోటనెల్ల లంకెబిందెలు కలవని చెప్పుకొనుట మన పల్లెలలో పరిపాటి. ఈ మాట మనకే సొంతము కాదు. ఐర్లండు, స్కాట్లండు దేశములలో పాడుపడిన చర్చిలను గూర్చియు జనులు ఇట్లే చెప్పుకొనెడివారు. అక్కడ ఈ మాట కొన్ని మారులు నిజమే యైనది. దానికి కారణము చరిత్రలో నున్నది. క్రీ. శ. 793లో ఉత్తరదేశపు ఓడదొంగలు ఇంగ్లండు తూర్పుతీరమున నున్న లిండిస్‌ఫార్ను మఠమును దోచుకొనిరి. అది మొదలు రెండు శతాబ్దములకు పైగా ఆ దీవులవారికి కంటిమీద కునుకు లేకపోయెను. ఆ కాలమున వెండి బంగారములు కూడియుండు చోట్లలో మఠములు మొదటివి. సన్న్యాసులు పూజాపాత్రలను నేలలో దాచి ప్రాణములు దక్కించుకొన జూచిరి. దాచినవారు తిరిగి వచ్చినచో త్రవ్వి తీసికొనిరి. రానివారి సొమ్ము నేలలోనే నిలిచినది.

దానిని వెదకుటకు నేడు అక్కడివారు పట్టుకొని తిరుగునది లోహశోధక యంత్రము. ఒక కఱ్ఱ చివర పళ్లెమంత రాగితీగ చుట్ట యుండును. దానిలో విద్యుత్తు క్షణక్షణమును దిక్కు మార్చుకొనుచు పాఱుటచేత అయస్కాంతశక్తి పుట్టి నేలలోనికి దిగును. అక్కడ లోహ మేదేని యున్నచో దానిలో చిన్న విద్యుత్తు సుడులు పుట్టి, తమ వంతు శక్తిని పైకి పంపును. యంత్రము దానిని పసికట్టి చెవిలో కూయును. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహం బెల్లు 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరములో చిక్కిన తుపాకిగుండును ఇట్టి సాధనముతోనే వెదకెను. గుండు దొరకలేదు. రోగి పండుకొనిన పరుపులోని ఉక్కుతీగలు యంత్రమును తికమక పెట్టినవని చెప్పుదురు. రెండవ ప్రపంచయుద్ధమున మందుపాతరలను కనుగొనుటకు సైనికులు దీనిని వాడిరి. యుద్ధము ముగిసిన పిదప మిగిలిన యంత్రములు అంగళ్లకు వచ్చెను. వేడుకకై వెదకువారు బయలుదేరిరి.

మన అంజనముకంటె ఇది నమ్మదగినదే. ఖరీదైన యంత్రములు ఇనుమును వెండిని కొంతవఱకు వేఱుపఱచి చెప్పగలవు కూడ. కాని ఆ వస్తువు ఏ కాలముదో, దాని ప్రక్కను ఏమి కలదో యంత్రమునకు తెలియదు. శవపేటిక మేకును చూచియు కూయును. చర్చి ఆవరణ మనగా తఱచు శ్మశానము కూడ నని మఱువరాదు. కొన్ని చర్చిల చుట్టును వేయి యేండ్లుగా ఊరివారిని పూడ్చియున్నారు. అందుచేతనే ఇంగ్లండు చర్చికి చెందిన శ్మశానములలో, ఆ మండలపు చర్చి న్యాయాధికారి అనుమతి లేనిదే ఇట్టి వెదకులాట కూడదు.

ఐర్లండులో టిప్పరరీ జిల్లాయందు డెరినఫ్లాను అను చోటు కలదు. చుట్టును ఊబినేల, నడుమ దీవివలె గట్టినేల, దానిమీద పాడుపడిన చర్చి. మన జక్కనాచారివలె గొప్ప కట్టడములకెల్ల కర్తయని జనులు చెప్పుకొను గోబాను అను శిల్పి సమాధి అక్కడనే కలదని ప్రతీతి. 1980 ఫిబ్రవరి 17వ తేది ఆదివారమున ఒక తండ్రియు కుమారుడును యంత్రముతో అక్కడికి పోయిరి. అది ప్రభుత్వరక్షణ పొందిన స్థలము. చూడవచ్చువారిని భూమి యజమానులు అడ్డగించువారు కారు. త్రవ్వుటకు మాత్రము ఎవ్వరును అనుమతి యీయలేదు. యంత్రము కూసెను. వారు త్రవ్విరి. ఒక కంచు బానక్రింద వెండి పానపాత్ర, జానెడున్నర వెడల్పుగల పళ్లెము, దాని పీట, వడపోత గరిటె యొకటి బయటపడెను. అవి క్రీ. శ. 8, 9 శతాబ్దములనాటి పూజాద్రవ్యములు. పానపాత్రకు బంగారు తీగపనియు, అంబరు అను తేనెరంగు రాళ్లును అమర్చియున్నవి.

కొన్నాళ్లు గుట్టుగా నుంచి, పిమ్మట డబ్లిను నగరపు జాతీయ మ్యూజియమున కప్పగించిరి. మిమ్ములను గౌరవముగా చూతుమని మ్యూజియమువారు మాట యిచ్చిరి. ప్రభుత్వము పదివేల పౌనులు ఇచ్చెదననెను. వారు సమ్మతింపక న్యాయస్థానమున కెక్కిరి. 1986లో హైకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను: సొత్తు తిరిగి యీయవలెను, లేనిచో విలువ చెల్లింపవలెను. ఆ విలువ యాబది లక్షల పౌనులకు మించినది! ప్రభుత్వము సుప్రీముకోర్టునకు పోయెను.

అక్కడ జరిగిన వాదము మనము వినదగినది. ఇంగ్లీషు రాజుల ధర్మము ననుసరించి, యజమాని తెలియని పాతర రాజుది. 1922లో ఐర్లండు తన రాజ్యము తాను ఏర్పఱచుకొన్నప్పుడు ఆ హక్కు ఎవరికి సంక్రమించెను? ఎవరికిని రాలేదు, దొరికించుకొన్నవారిదే సొత్తు అని తండ్రికొడుకుల వాదము. 1987లో న్యాయమూర్తులు ఇట్లు చెప్పిరి. రాజుహక్కు రాజుతోనే పోయినమాట నిజము. ఐనను ప్రజలు సర్వస్వతంత్రులు గావున, వారి పూర్వచరిత్రకు గుఱుతై, యజమాని తెలియక నేలలో దొరికిన ముఖ్యవస్తువు ప్రజలందఱి పక్షమున రాజ్యమునకే చెందును. పైగా పరుల నేలను అనుమతిలేక త్రవ్వినవానికి, ఆ నేల యజమానికి మించిన హక్కు పుట్టదు. కాని మ్యూజియమువారు మాట యిచ్చియున్నారు గనుక తగిన బహుమానము ఈయవలెను. ఆ బహుమానము యాబదివేల పౌనులు. భూమి యజమానులిద్దఱికి ప్రభుత్వము తలకొక ఇరువదియైదువేలు ఇచ్చెను.

యాబది లక్షలు యాబది వేలైనందుకు జాలిపడువారు అప్పుడును కలరు. తీర్పు న్యాయమైనదనియే నా తలంపు. ఐనను ఒక మాట వారి పక్షమున చెప్పకుండుట అన్యాయము: వారు ఆ పాత్రలను కరగించి అమ్ముకొనలేదు. ఈ వ్యవహారము వలన ఐర్లండులో 1987లో ఒక చట్టమును, 1994లో మఱియొక చట్టమును వచ్చెను. రక్షిత స్థలములలో అనుమతిలేక ఈ యంత్రము వాడుటయే నేరమాయెను. యజమాని తెలియని పురావస్తువు రాజ్యముదని స్పష్టముగా వ్రాయబడెను.

ఇక స్కాట్లండు సంగతి. 2014 సెప్టెంబరులో గాలొవే ప్రాంతమున, స్కాట్లండు చర్చికి చెందిన పొలములో, మన దేవళపు మాన్యమువంటి దాని యందు, అనుమతి పొందియే ఒకడు యంత్రముతో వెదకుచుండెను. వెండి కడియములు కనబడెను. అతడు అధికారులకు తెలిపెను. పురాతత్త్వ శాస్త్రజ్ఞుడు వచ్చి మెలకువతో త్రవ్వెను. పైపొర క్రింద గులకరాళ్లు, వాని క్రింద మఱియొక పొర! పైదానిని దొంగల కెరగా ఉంచి, అసలు సొమ్ము క్రింద దాచినట్లున్నది. క్రింద దొరికిన మూతగల వెండిపాత్ర బట్టలో చుట్టియుండెను. దానిని తొందరపడి తెఱువక, వైద్యశాలకు కొనిపోయి, రోగి పొట్టను చూచినట్లు కిరణములతో లోపలిది చూచి, పిమ్మట తెఱచిరి.

ఆ పాత్రలోనివి చూడుడు: పట్టుబట్ట ముక్కలు, బంగారము చుట్టిన స్ఫటికపు బుడ్డి, దానిమీద హిగ్వాల్డు అను బిషపు తన్ను చేయించెనని లాటిను అక్షరములు, ఇవిగాక రెండు మట్టియుండలు. ఆ మట్టిలో బంగారు నలుసులును ఎముక రవ్వలును కలవు. పుణ్యపురుషుల సమాధిచోట మట్టి తెచ్చి భక్తితో దాచుకొన్నట్లు పండితులు తలంచుచున్నారు. కాశీనుండి గంగమట్టి తెచ్చుకొను మనకు ఇది వింతగా తోపదు. రాత్రివేళ గడ్డపాఱతో వచ్చినవాడు మొదట పాఱవేయునది ఆ మట్టియుండలనే కదా! వెండి కడియములలో ఒకదానిమీది పాతలిపిని 2025లో చదువగలిగిరి. ఇది సంఘము సొత్తు అని దాని యర్థము.

ఆ నిక్షేపమునకు 19 లక్షల 80 వేల పౌనులు వెల కట్టగా, 2017లో స్కాట్లండు జాతీయ మ్యూజియము చందాలు కూర్చి చెల్లించెను. స్కాట్లండు ధర్మమున బహుమానము కనుగొన్నవానికే. భూమి యజమానికి చట్టరీత్యా వాటా లేదు. తమకును వాటా యుండునట్లు ముందే ఒడంబడిక కలదని చర్చి ధర్మకర్తలు 2021లో న్యాయస్థానమున కెక్కిరి. మాన్యమున కాలు పెట్టనిచ్చునప్పుడే కాగితము వ్రాయించుకొనుట మంచిదని ఇందువలన తెలియుచున్నది.

ఈ కథలను మీకు చెప్పుటకు కారణము కలదు. మన సీమలో నిక్షేపముల పేరు చెప్పి నందిని పెకలించుటయు, పానవట్టము క్రింద త్రవ్వుటయు జరుగుచున్నవి. 1892లో భట్టిప్రోలు స్తూపమును అలెగ్జాండరు రే త్రవ్వినప్పుడు రాతి భరిణెలు దొరికినవి. వానిలో బంగారుపూవులును కలవు. కాని లోకమెల్ల పండితులు మెచ్చినది ఆ భరిణెలమీది బ్రాహ్మీ అక్షరములను. పూవులకై వచ్చినవాడు భరిణె పగులగొట్టియున్నచో ఆ అక్షరములు దక్కియుండవు.

మనకు 1878లో చేసిన నిక్షేపచట్టము కలదు. పది రూపాయలకు మించిన విలువగల పాతర దొరికినవాడు కలెక్టరునకు తెలుపవలెను. నూఱేండ్లలోపల దాచినవాడో అతని వారసుడో ఋజువు చేసికొనినచో అది వారిది. అట్టివారు లేనిచో, వేఱు ఒడంబడిక లేనప్పుడు, ముప్పాతిక దొరికినవానికి, పాతిక భూమి యజమానికి. ప్రభుత్వము కోరినచో లోహపు వెలమీద అయిదవ వంతు అదనముగా నిచ్చి తానే తీసికొనవచ్చును. దాచినవానికి వాటా పోవుటయే గాక ఏడాదివఱకు చెఱ కలుగవచ్చును. ఈ చట్టము త్రవ్వుటకు అనుమతి కాదు. రక్షిత కట్టడములకు 1958 నాటి చట్టము వేఱుగా కలదు. పొలము దున్నునప్పుడో, పునాది తీయునప్పుడో తానై బయటపడినదానిని గూర్చియే నేను చెప్పుచున్నాను. అట్టిది మీ ఊర దొరికినచో, మిగిలిన మట్టిని కదపక, కాపలా పెట్టుడు. కలెక్టరునకు పంపు కాగితములో నాలుగు సంగతులు వ్రాయవలెను: దొరికిన దేమి, ఎంత, ఏ చోట, ఏ తేదిని. సొత్తును దగ్గఱి ప్రభుత్వ ఖజానాలో ఉంచవలెను, లేదా కలెక్టరు కోరినట్లు జామీను ఈయవలెను.