ల్యాబ్ రికార్డులో నిజం రాద్దాం

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కోలారులోనో, షోలాపూర్‌లోనో, బరంపురంలోనో, యానాంలోనో పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష మాట్లాడుతూ డిగ్రీ దాకా వచ్చినవారు మీలో చాలామంది ఉన్నారు. కొందరు బీ ఫార్మసీ, కొందరు బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నారు. మందులు తయారుచేసే పని మీద ఆశ పెట్టుకున్నారు. ఎన్నో ఏళ్లు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చెప్పినవాడిగా మీతో ఒక్క సంగతి పంచుకుంటాను. ల్యాబ్‌లో నేర్చుకోవలసిన అసలు విద్య, చూసింది చూసినట్టు రాయడం.

మీరంతా ఆస్పిరిన్ చేసే ఉంటారు. 2 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం, కొంత ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, కొన్ని చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. వేడిచేసి, నీళ్లు కలిపి, చల్లారిస్తే తెల్లటి స్ఫటికాలు. లెక్క ప్రకారం 2.6 గ్రాములు రావాలి. ఎవరికీ అంత రాదు. 1.7 వచ్చిన కుర్రవాడు పక్కవాడి రికార్డు చూసి 2.4 అని రాసేస్తాడు. మాస్టారు సంతకం పెట్టేస్తారు. నేనూ పెట్టాను. నలభై మందికి ఒకే త్రాసు, మూడు గంటల్లో బ్యాచ్ ముగించాలి. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

అడ్వాన్స్‌డ్ ల్యాబ్ అంటే ఖరీదైన యంత్రాలున్న గది అనుకుంటాం. నా దృష్టిలో అది "1.7 ఎందుకు వచ్చింది?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదారంగు వచ్చిందా? అయితే సాలిసిలిక్ ఆమ్లం ఇంకా మిగిలి ఉంది. సుమారు 135 డిగ్రీల దగ్గర కరగాల్సింది ముందే మెత్తబడి, నెమ్మదిగా కరుగుతోందా? అయితే శుద్ధి చాలలేదు. మళ్లీ స్ఫటికీకరించాలి. టీఎల్‌సీ ప్లేటు మీద అసలు పదార్థం పక్కన తన పదార్థాన్ని పెట్టి, యూవీ దీపం కింద ఒక మచ్చ కనిపించిందో, రెండు కనిపించాయో చూడాలి. ఆ తరువాతే ఐఆర్, ఎన్‌ఎంఆర్ గ్రాఫులు. వాటినీ విద్యార్థే చదవాలి. ఇలా చేసినవాడికి నాలుగైదు మెట్ల తయారీ ఇచ్చినా భయపడడు. మొదటి మెట్టులో దాచిన మలినం మూడో మెట్టులో బయటపడుతుందని వాడికి తెలుసు.

ఇదంతా మార్కుల కోసమే అనుకోకండి. 1986లో ముంబయిలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో గ్లిజరిన్ ఇచ్చిన రోగుల్లో 14 మంది చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉంది. అది మూత్రపిండాలను పాడుచేసే విషం. రెండూ రంగు లేకుండా, చిక్కగా, తియ్యగా ఉంటాయి. కంటికి తేడా తెలియదు, పరీక్షకు తెలుస్తుంది. 2022లో గాంబియాలో పదుల సంఖ్యలో పసిపిల్లలు చనిపోయినప్పుడు, దగ్గుమందుల్లో అదే విషం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. పరీక్ష చేయకుండానే "సరిపోయింది" అని రాసే చెయ్యి ఎక్కడ తయారవుతుంది? మన రికార్డు పుస్తకాల దగ్గర కాదా?

ఇంకో ఉదాహరణ. 2015లో అమెరికాలో ఒక కంపెనీ డారాప్రిమ్ మాత్ర ధరను 13.50 డాలర్ల నుంచి ఒక్కసారిగా 750 డాలర్లకు పెంచింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో, సిడ్నీలోని ఒక హైస్కూలు పిల్లలు ఆ మందులోని పైరిమెథమిన్‌ను బడి ల్యాబ్‌లోనే తయారుచేశారు. 3.7 గ్రాములు వచ్చింది. సిడ్నీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దారి చూపారు. పని వివరాలను ఎవరైనా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. అది మాత్రలుగా అమ్మడానికి చేసింది కాదు. కానీ ఒక మందు ధరలో తయారీ ఖర్చెంత, అత్యాశ ఎంత అన్నది లోకానికి కనిపించింది.

ఒక మాట మరచిపోవద్దు. అది కలిగినవారి పిల్లలు చదివే బడి. తెలివి అక్కడే పుట్టలేదు, అవకాశం అక్కడ ఉంది. మన పిల్లలు ల్యాబ్ ఫీజు కడుతున్నారు. కానీ చాలాచోట్ల యంత్రాన్ని అద్దం వెనక నుంచి చూసి వస్తున్నారు.

కాబట్టి తల్లిదండ్రులారా, కాలేజీలో చేర్చే ముందు హాస్టలు చూసినట్టే ల్యాబ్ కూడా చూడండి. ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది, ఫ్యూమ్‌హుడ్ పనిచేస్తోందా, కళ్లద్దాలు ఇస్తారా అని అడగండి. చదువుకుని స్థిరపడిన పెద్దలారా, మీరు పనిచేసే కంపెనీలో, విశ్వవిద్యాలయంలో సెలవుల్లో ఇద్దరు పిల్లలకు చోటు ఇప్పించండి.

విద్యార్థులారా, రేపు ల్యాబ్‌లో 1.7 వస్తే 1.7 అనే రాయండి. కింద ఎందుకు తగ్గిందో రెండు వాక్యాలు చేర్చండి. మార్కు పోతే పోనివ్వండి. ఏదో ఒకనాడు ఒక పసిబిడ్డ తాగే మందు సీసా మీ సంతకం కోసం వస్తుంది. ఆ రోజు నిజం రాసే అలవాటు మీ చేతికి ఉండాలి.