రక్షితవనములలో విహారము



ఆదివారము వచ్చినంతనే హైదరాబాదు నగరవాసులు మేడ్చల్, శామీర్‌పేట దారులు పట్టుట మీరు చూచుచునే యున్నారు. రావల్కోల్ పరిసరములందలి గుట్టలలో, చిట్టడవులలో కాలినడకను దిరుగుట వారికొక వేడుక. చెట్లను జూచుటకింత దూరము రావలెనా యని మనలో గొందరు నవ్వుదురు. మిద్దెమీద మిద్దెగట్టిన వీథిలో బెరిగిన పిల్లవానికి మోదుగపువ్వు వింతయే గదా!

నవ్వి యూరకుండని పెద్దలును గలరు. "మా మేకలను దోలనీయని యడవిలోనికి వారి కార్లను రానిత్తురా?" యని వారడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. నిజాము కాలమునందలి 1355 ఫసలీ హైదరాబాదు అటవీశాసనమైనను, దాని తరువాత వచ్చిన 1967 నాటి శాసనమైనను రక్షితారణ్యమున ననుమతిలేని ప్రవేశమును నిషేధించినవే. మేకకెంత నిషేధమో, యనుమతిలేని మోటారునకును నంతే. కారున్నవానికి వేరు చట్టము లేదు. ఈ సంగతి మన పల్లెలలో జాలమందికి దెలియదు. వచ్చెడివారిలో నంతకంటె దక్కువమందికి దెలియును.

విహారమునకై ప్రత్యేకించిన తావులు లేకపోలేదు. వనస్థలిపురమునందలి హరిణవనస్థలి యొకప్పుడు నిజాము ప్రభువుల వేటభూమి. 1975లో దానికి మహావీరుని పేరు పెట్టిరి. 1994లో నది జాతీయోద్యానమైనది. తుపాకి పట్టి తిరిగినచోట నేడు కృష్ణజింకలను జూచుటకు బిల్లలను దీసికొని పోవుచున్నారు. నగరమధ్యమున జిరాన్ భవనము చుట్టునున్న వనమును జాతీయోద్యానమైనది. మనకు దగ్గరలో, మేడ్చల్ దారిని, కండ్లకోయవద్ద అటవీశాఖవారు నడకబాటలు వేసి యొక యుద్యానమును దీర్చినారు. నడువదలచినవా రిట్టిచోట నడువవచ్చును. తక్కిన యడవిని నెమలికిని కుందేటికిని విడిచిపెట్టుటయే మేలని నా యభిప్రాయము.

మేక చిగురును మేయును, నిజమే. మనుష్యుడో, యేమియు దినకయే యడవిని గాల్పగలడు. మన యడవి యాకురాల్చు నడవి. ఫాల్గుణ చైత్రములందు తునికి, మోదుగ యాకులు మోకాలిలోతున బడి యెండియుండును, గడ్డియు నెండును. ఆర్పక పారవైచిన యొక్క బీడీముక్క చాలును. వంటకై రాజేసిన పొయ్యి చెప్పనక్కరయే లేదు. పెద్దమ్రాను బెరడు కమిలి బ్రతుకవచ్చును గాని, యానాటి మొలకలన్నియు బోవును; నేలపై గ్రుడ్లు పెట్టు కౌజుల గూళ్లును బోవును. కప్పులేని నేలపై దొలకరివాన పడినప్పుడు మన్ను కొట్టుకొనివచ్చి మన చెరువులలోనే పూడికయగును. పొగ గుట్టమీద గనబడినను నష్టము తూముక్రింది మడికి వచ్చును.

కావున బొరుగూరివారు బండ్లు దిగి దారియడిగినప్పుడు, మొదట నటవీశాఖవారి యనుమతి గలదాయని యడుగుడు. అగ్గిపెట్టె యూరిలోనే యుంచి పొమ్మనుడు. తెచ్చిన ప్లాస్టిక్కు సంచులను మరల దీసికొనిపోవలెనని చెప్పుడు. గుట్టపై బొగ కానవచ్చినచో వెంటనే యటవీరక్షకునకు గబురంపుడు. గాలి వీచు దిక్కున బిల్లలను బోనీయకుడు.