వంతెన కూలిన వారములో
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన సంఘ వార్షికోత్సవములలో సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగుట వాడుక. ఈ సంవత్సరము కార్యదర్శిగారు, ఉద్యోగులమైన మనకు పనికివచ్చు విషయమేదైనను చెప్పుమని నన్ను ఆదేశించిరి. నేను ఇంజనీరును కాను. రైలు శాఖలో పనిచేసినవాడనును కాను. నా జీవితము ఫైళ్ళ నడుమనే గడచినది. ఒక చిన్న ప్రతిపాదన ఒక బల్లమీదినుండి మరియొక బల్లమీదికి పోవుటకు ఎన్ని దినములు పట్టునో బాగుగా ఎరిగినవాడను. అందువలననే, ఒక ఊరిలో రోడ్డు వంతెన కూలిన పదవనాటికి క్రొత్త రైల్వే స్టేషను వెలసి రైళ్ళు నడచినవని చదివినపుడు నాకు ఆశ్చర్యము కలిగినది. ఆ ఆశ్చర్యమును, దాని వెంట వచ్చిన ఆలోచనను మీ ముందుంచుటయే ఈనాటి నా పని.

ఆ ఊరి పేరు వర్కింగ్టన్. ఇంగ్లండు దేశపు వాయవ్య మూలన, కంబ్రియా ప్రాంతమున, సముద్రపుటొడ్డున ఉన్న చిన్న పట్టణమది. డెర్వెంట్ అను నది దాని నడుమగా పోయి సముద్రమున కలియును. 2009 నవంబరులో ఆ నది పుట్టు కొండలపై కుంభవృష్టి కురిసెను. సీత్వెయిట్ అను చోట 24 గంటలలో 316.4 మిల్లీమీటర్ల వర్షము నమోదయ్యెను. బ్రిటనులో అంతకు మునుపెన్నడును 24 గంటలలో అంతటి వాన కొలతకు వచ్చియుండలేదు. ఆ నీరు డెర్వెంటులోనికి దిగి పట్టణము మీదికి వచ్చెను.

నవంబరు 20వ తేదీ, శుక్రవారము, ఇంకను తెల్లవారలేదు. నార్త్‌సైడ్ వంతెనపై బిల్ బార్కర్ అను పోలీసు ఉద్యోగి నిలిచి, వచ్చు వాహనములను వెనుకకు మరలించుచుండెను. వంతెన ఆయన కాళ్ళ క్రిందనే కూలిపోయెను. ఆయన వరదలో ప్రాణములు కోల్పోయెను. రెండవ రోడ్డు వంతెనయగు కాల్వా వంతెన పడిపోకున్నను, పగిలి కుంగి, నడచుటకైనను తగనిదయ్యెను. కాలినడకవారి చిన్న వంతెన యొకటి కొట్టుకొనిపోయెను.

నాటి ఉదయమున ఆ ఊరివారి స్థితిని ఊహింపుడు. ఈ గట్టున ఇల్లు, ఆ గట్టున పని. బిడ్డ చదువు బడి ఎదురుగా కనబడుచున్నది, కాని చేరుటకు దారి లేదు. కారు ఉన్నవారు ఎగువన ఎక్కడనో ఉన్న వంతెనను పట్టుకొని, చుట్టు తిరిగి, క్రిక్కిరిసిన దారులలో మైళ్ళకొలది పోవలెను. కారు లేనివారికి ఆ చుట్టుదారియు లేదు. వృద్ధులును, రోగులును, దినకూలిపై బ్రతుకువారును ఆ రెండవ తెగవారే.

కాని ఒక వంతెన మాత్రము నిలిచినది. అది రైలు వంతెన. సముద్రతీరము వెంబడి పోవు ఆ పాతమార్గమున రైళ్ళు తక్కువ. ఊరి స్టేషను దక్షిణపు గట్టున ఉన్నది. ఉత్తరపు గట్టున నది దగ్గర రైలు ఆగు చోటు లేదు. కావున అధికారులకు తోచిన ఉపాయము సులభమైనదే: ఉత్తరపు గట్టున ఒక స్టేషను కట్టవలెను.

రైలుమార్గములను చూచు నెట్‌వర్క్ రైల్ సంస్థవారు పట్టాలకు ఇరువైపుల తాత్కాలికముగా ప్లాట్‌ఫారములను, వానిని కలుపు కాలివంతెనను నిలిపిరి. నవంబరు 30, సోమవారమున, వర్కింగ్టన్ నార్త్ అను పేర ఆ స్టేషను తెరువబడినది. సమీపమున కార్లైల్ పట్టణములో నున్న సరకు రైళ్ళ సంస్థ యొకటి తన ఇంజనులను తెచ్చి, కొన్ని పెట్టెలకు రెండు కొనలయందును తగిలించినది. అందువలన చివరి స్టేషనులో ఇంజనును విప్పి, త్రిప్పి, మరల తగిలించు పని తప్పినది. మేరీపోర్టునుండి వర్కింగ్టనునకు గంటకొక బండి నడచినది. టిక్కెట్టు లేదు. ఆ ఖర్చును ప్రభుత్వమే భరించెను.

అంతటితో కష్టములన్నియు తీరినవని నేను చెప్పను. రైలు మనుష్యులను మోయగలదు గాని, దుకాణమునకు సరకు తెచ్చు బండిని, రోగిని తెచ్చు బండిని ఆ గట్టునుండి ఈ గట్టునకు దాటింపజాలదు. బజారునకు పోయి రాదలచినవారు గంట సేపు బండికై వేచియుండజాలరు. అందుచేత సైన్యపు ఇంజనీర్లు డిసెంబరు 7వ తేదీనాటికి నదిపై కాలినడకకు ఒక వంతెన వేసిరి. దానికి బార్కర్ పేరే పెట్టిరి. మరుసటి ఏప్రిలులో వాహనములకు తాత్కాలికపు వంతెన సిద్ధమయ్యెను. అవసరము తీరిన పిమ్మట 2010 అక్టోబరు 8న ఆ చిన్న స్టేషనును మూసివేసిరి. పది నెలల పైచిలుకు ఆయుర్దాయము గల ఆ స్టేషను, తన పని తాను ముగించుకొని, వెడలిపోయినది.

ఇట్టి కథ ఇంతకు పూర్వమే అమెరికాలో ఒకటి జరిగినది. 1994 జనవరి 17, సోమవారము, వేకువన నాలుగున్నర గంటల వేళ లాస్ ఏంజెలిస్ నగరపు ఉత్తరభాగమున నార్త్‌రిడ్జి భూకంపము వచ్చెను. దాని తీవ్రత 6.7. నగరమునకు ఉత్తరపు కనుమలో రెండు మహారహదారులు కలియుచోట ఎత్తైన వంతెనలు విరిగి పడెను. 1971 నాటి భూకంపమునందు, నిర్మాణదశలోనే, ఒకసారి పడినవి ఆ కూడలి వంతెనలే. ఆ చీకటిలో క్లారెన్స్ వేన్ డీన్ అను పోలీసు ఉద్యోగి మోటారు సైకిలుపై పోవుచుండెను. ముందు దారి తెగియున్నదని ఆయనకు కనబడలేదు. ఆయన అక్కడనే మరణించెను. నేడు ఆ కూడలి ఆయన పేరనే పిలువబడుచున్నది. రెండు దేశములలో రెండు వంతెనలు వేకువజామున కూలినవి. రెంటియందును ఒక పోలీసు ఉద్యోగి ప్రాణము పోయినది. ఈ పోలిక నా మనస్సును వదలుట లేదు.

ఆ కనుమకు ఆవల నున్న పామ్‌డేల్, లాంకాస్టర్ పట్టణములనుండి నగరమునకు వచ్చి పనిచేయువారు అనేకులు. వారికి ముఖ్యమైన దారి ఒక్క ఉదయమున తెగిపోయినది. నగరమున 1992 అక్టోబరులోనే మెట్రోలింక్ అను ప్రయాణికుల రైళ్ళు ప్రారంభమైయుండెను. కాని అవి శాంటా క్లారిటా వరకే పోవుచుండెను. అక్కడికి పోవు బండ్లలో దినమునకు వేయిమంది యెక్కుట గగనము. ఆవలి పట్టణములకు సరకు రైళ్ళ పట్టాలు మాత్రము పూర్వమునుండియు ఉన్నవి. భూకంపము వచ్చిన మరు సోమవారము, అనగా జనవరి 24న, ఆ పట్టాలపై ప్రయాణికుల బండి లాంకాస్టరునుండి కదలినది. సంవత్సరముల తరువాతగాని కాదనుకొన్న పొడిగింపు ఒక్క వారములో జరిగినది. కొలది దినములలో ఆ మార్గమున ప్రయాణికుల సంఖ్య దినమునకు ఇరువది వేలు దాటినది.

రహదారులు బాగుపడగానే ఆ జనసమూహము పలుచబడినది. ఇది సహజము. మనిషి తన వాకిటనుండి బయలుదేరి గమ్యపు వాకిట దిగుటకు ఇష్టపడును. అయినను లాంకాస్టరు బండి నిలిచిపోలేదు. భూకంపము నాడు ఆపద్ధర్మముగా బయలుదేరిన ఆ రైలు యాంటెలోప్ వ్యాలీ మార్గమను పేర నేటికిని నడచుచున్నది. ఒకచోట రైలు పని తీరి వెడలిపోయినది, వేరొకచోట నిలిచిపోయినది. రెండును సరియే.

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకు వత్తును. ఒక వారములో ఇది ఎట్లు సాధ్యమైనది?

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లని మనవారి సామెత. ఈ రెండు కథలలోను బావి అంతకుముందే త్రవ్వబడియున్నది. ఆ వారములో వారు వేసినవి ప్లాట్‌ఫారములు మాత్రమే. పట్టాలు పూర్వులు వేసినవి. నదిపై రైలు వంతెన పూర్వులు కట్టినది. పెట్టెలును ఇంజనులును మరియొక పనికై సంపాదించినవి. వానిని నడుపువారు ఏండ్లతరబడి పని నేర్చినవారు. ఏడు దినములలో పుట్టిన స్టేషను వెనుక నూరేండ్ల శ్రమ యున్నది. ఇది మొదటి మాట.

రెండవ మాట మనవంటి వారికి సంబంధించినది. భూమి ఒకరిది, పట్టాలు ఒకరివి, ఇంజను ఒకరిది, డబ్బు ఇంకొకరిది. ఇందరును ఒక్క వారములో ఔనని చెప్పవలెను. అట్లని భద్రతకు సంబంధించిన పరీక్షలను విడిచిపెట్టుట తొందర అనిపించుకొనును గాని సామర్థ్యము అనిపించుకొనదు. మన దేశమున క్రొత్తలైనుపై ప్రయాణికుల బండి నడుపుటకు ముందు రైల్వే భద్రతా కమిషనరు అనుమతి కావలెను. ఆ అధికారి రైలు శాఖ క్రింద గాక పౌర విమానయాన శాఖ క్రింద ఉండును. కట్టినవాడే పరీక్షకుడు కారాదను వివేకము అందున్నది. త్వరపడుట యనగా పరీక్షను మానుట కాదు. పరీక్షకుడు కట్టువానితోపాటు అదే ఉదయమున అదే చోట నిలిచియుండుట.

మూడవ మాట మన నేలకు సంబంధించినది. రెండవ దారి ఎల్లపుడును మొదటి దారిని కాపాడునని భ్రమపడరాదు. 2021 నవంబరులో పెన్నా నదికి వరద వచ్చినపుడు నెల్లూరు దగ్గర కోవూరు వైపున జాతీయ రహదారి తెగినది. పడుగుపాడు వద్ద రైలుపట్టాల క్రింది కట్టయు కొట్టుకొనిపోయినది. రోడ్డును రైలును ప్రక్కప్రక్కన ఒకే పల్లములో పోవుచున్నపుడు ఒకే వరద రెంటిని త్రెంచును. అట్టిచోట దారులు లెక్కకు రెండైనను ఆపదకు ఒకటే. రాజమహేంద్రవరమున 1974లో తెరచిన గోదావరి వంతెనపై మీద రోడ్డును క్రింద రైలును పోవును. స్తంభములు రెంటికి ఒకటే గనుక ఖర్చు కలిసివచ్చినది. వానికి ముప్పు వచ్చిన రెండు దారులకును ముప్పే. అచ్చటనే రైళ్ళకు వేరుగా కమాను వంతెనయు, రోడ్డునకు వేరుగా నాల్గవ వంతెనయు పిమ్మట ఏర్పడుట మన భాగ్యము.

పాంబను సంగతి మీలో పెద్దలు ఎరుగుదురు. 1964 డిసెంబరు తుపానులో రామేశ్వరపు రైలు వంతెన గర్డర్లు సముద్రము పాలైనపుడు ఆ దీవికి రోడ్డు లేదు. శ్రీధరన్ గారి నాయకత్వమున 46 దినములలో వంతెనను మరల నిలిపిరి. ఆ కార్యము స్తోత్రపాత్రమే. కాని అన్ని దినములు దీవికి పడవయే గతి. రోడ్డు వంతెన 1988లో వచ్చినది. పాతబడిన రైలు వంతెనపై 2022 డిసెంబరులో బండ్లు ఆపివేసినది మొదలు 2025 ఏప్రిలులో క్రొత్త వంతెన తెరచు వరకు యాత్రికులను దాటించినది ఆ రోడ్డు వంతెనయే. ఒకనాడు రైలు రోడ్డునకు అప్పిచ్చును. మరియొకనాడు రోడ్డు రైలునకు తీర్చును.

సోదరులారా, మనలో వంతెన కట్టు భాగ్యము కలవారు కొందరే. కాని ప్రయాణికులు తక్కువని ఒక చిన్న స్టేషనును, ఆదాయము లేదని ఒక పాత లైనును, వాడుటలేదని ఒక గిడ్డంగిని వదలివేయుటకు సిద్ధమైన ఫైలు ఏదో యొక దినమున మనలో ఎవరి బల్లమీదికైనను రావచ్చును. అందు ఆదాయమునకు ఒక గడియు వ్యయమునకు ఒక గడియు ఉండును. ఆ రెంటి ప్రక్కన మూడవ గడి యొకటి మీరే గీయుడు. ప్రక్కదారి తెగిననాడు ఇది ఎవరికి దారి యని అందు వ్రాయుడు. ఆ ప్రశ్నకు జవాబు లేకున్న ఆ లైనును వదలివేయుటయే న్యాయము కావచ్చును. ప్రతి పాతవస్తువును దాచుకొనుమని నేను చెప్పుట లేదు. జవాబు వెదకకుండ సంతకము చేయవలదని మాత్రమే నా విన్నపము.

వర్కింగ్టనులో తెల్లవారకముందు వంతెనపై నిలిచిన ఆ ఉద్యోగి ఎందరిని వెనుకకు మరలించెనో లెక్క లేదు. వారిలో కొందరైనను పది దినముల తరువాత ఆ ఉచితపు బండి యెక్కి, నిలిచిన వంతెనమీదుగా నది దాటి పనికి పోయియుందురు. మనుష్యులను కాపాడుట ఆయన వంతు. వారికి దారి చూపుట తక్కిన ఉద్యోగుల వంతు. మన పని ఈ రెంటిలో రెండవది.